నడికట్టు దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు విసుగేసి పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీస్తే నాలుగో పేజీలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది: "ఆ తెల్లటి నడికట్టు ఎందుకో ఎగరకుండా కిందికి వేలాడుతూ ఉండిపోయింది." అమెరికన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ ఆవెడన్, డోవీమా అనే మోడల్‌ను ఏనుగుల మధ్య నిలబెట్టి తీసిన 'ఏనుగులతో డోవీమా' ఫొటో గురించి ఇన్ని పేజీలు రాశావు కదా, అందులో నువ్వు నీ కళ్లతో చూసి రాసిన వాక్యం అదొక్కటే. దాన్ని కూడా బ్రాకెట్లలో పెట్టి, ఏదో తప్పు చేసినట్టు వెంటనే 'పురుష దృష్టి', 'దేహ రాజకీయాలు' అంటూ పరుగు తీశావు. నాకు కోపం తెప్పించింది ఆ పరుగే.

ఆ నడికట్టు ఆవెడన్‌ను కూడా ఏళ్ల తరబడి వదల్లేదు. అది ఎడమవైపుకి ఎగిరి ఉంటే బొమ్మలోని రేఖ పూర్తయ్యేదని, అలా ఎందుకు చేయలేదో తనకే అర్థం కాదని ఆయన చెప్పుకున్నాడు. లోకమంతా మెచ్చిన ఫొటోలో, తీసినవాడి మనసులో గుచ్చుకున్న చోటే నీ కన్ను కూడా ఆగింది. అలాంటి కన్ను ఉన్నవాళ్లు అరువు మాటల వెంట పడకూడదమ్మా.

ఇక్కడ నేను ఆవెడన్‌తో ఏకీభవించను. బొమ్మను మళ్లీ చూడు. 1955 ఆగస్టు, పారిస్‌లోని సిర్క్ దివేర్ సర్కస్. పైకప్పు అద్దాల్లోంచి పగటి వెలుగు పడుతోంది. హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం డోవీమా, పారిస్ ఫ్యాషన్ సంస్థ డియోర్ తయారుచేసిన నల్లటి గౌనులో నిలబడి, చేతులు అటొకటి ఇటొకటి ఏనుగుల వైపు చాచి, ముఖం పక్కకి తిప్పింది. ఆ గౌను రూపకర్త అప్పుడే డియోర్ దగ్గర చేరిన ఇవ్ సాన్ లోరాన్. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. నడుము దగ్గర మొదలైన తెల్లటి పట్టు నేల దాకా జారింది. ఏనుగుల తొండాలూ కిందికే వేలాడుతున్నాయి. నడికట్టు ఎగిరి ఉంటే అది గాలి బొమ్మ అయ్యేది, నాట్యం అయ్యేది. ఎగరలేదు కాబట్టి గుడ్డకు బరువు వచ్చింది. ఆ బరువు వెంట కన్ను నేలకు దిగుతుంది. దిగితే అక్కడ ఏనుగుల కాళ్లకు గొలుసులు కనిపిస్తాయి.

గొలుసులు! నీ వ్యాసంలో ఆ మాటే లేదు. తిరుమల మాడవీధుల్లో ఏనుగును చూసిన పిల్లలకు కూడా ముందు కాలి గొలుసు మీదికే కన్ను పోతుంది. నువ్వేమో 'సౌందర్యానికీ పశుత్వానికీ మధ్య ద్వంద్వం' అని రాసి ఊరుకున్నావు. ఆ 'పశుత్వం' కట్టేసి ఉంది కదా! ఆ సంగతి చెప్పకుండా నీ ద్వంద్వానికి అర్థమేముంది?

ఇంకొకటి. పురుష దృష్టి స్త్రీని వస్తువుగా మార్చేస్తుందని మూడు పేజీలు వాదించావు. ఆ మూడు పేజీల్లోనూ ఆమె 'మోడల్' అనే ఉంది. పేరు శీర్షికలో తప్ప ఎక్కడా రాలేదు. ఆమె న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతం అమ్మాయి, డొరొతీ వర్జీనియా మార్గరెట్ జూబా. ఆ కాలంలో అందరికంటే ఎక్కువ పారితోషికం తీసుకున్న మోడళ్లలో ఒకరు. చివరి రోజుల్లో ఫ్లోరిడాలో ఒక పిజ్జా హోటల్లో పనిచేసి 1990లో చనిపోయింది. 2010లో ఇదే ఫొటో ప్రతిని వేలంలో 8,41,000 యూరోలకు డియోర్ సంస్థే కొనుక్కుంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాసి చూడు, ఏ సిద్ధాంతకర్త సాయం లేకుండానే నీ వాదం నిలబడుతుంది.

నేను చిత్రకళా ప్రదర్శనల మీద ఒక వారపత్రికకు రాసే రోజుల్లో, పేజీలో చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేది బొమ్మ. పట్టుచీరల ప్రకటన వచ్చిందంటే నా వ్యాసం బొమ్మ లేకుండానే అచ్చయ్యేది. పోట్లాడాను, అలిగాను, రాయనని మానేశాను కూడా. చివరికి బొమ్మ ఉండదనే లెక్కతో రాయడం అలవాటు చేసుకున్నాను: ఎవరు ఎక్కడ ఉన్నారు, వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, చేయి దేని మీద ఉంది. బొమ్మ చూడని పాఠకులు చూసినట్టే ఉత్తరాలు రాశారు. ఇప్పటి సంపాదకులది ఇంకో రోగం. వర్ణన కనబడితే కత్తెర, 'విశ్లేషణ పెంచండి' అని సలహా. చీర అంచు గురించి నేను రాసిన పేరా తీసేసి, 'అస్తిత్వ సంక్షోభం' అని ఉపశీర్షిక పెట్టినవాణ్ణి ఈరోజుకీ క్షమించలేదు. నువ్వు వాళ్ల కోసం రాస్తున్నావేమో అని నా భయం.

ఆవెడన్ తీసిన మామూలు మనుషుల ఫొటోల గురించీ రాశావు, వాటిలోని తెల్లటి నేపథ్యం 'ఆధునిక మనిషి శూన్యం' అన్నావు. ఆ తెలుపు కాగితం తెలుపు. 1979 నుంచి 1984 దాకా టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ నగరంలో ఉన్న ఏమన్ కార్టర్ మ్యూజియం కోసం అమెరికా పడమటి రాష్ట్రాల్లో తిరిగినప్పుడు, గని కార్మికులనూ చమురు బావుల్లో పనిచేసేవాళ్లనూ ఆ కాగితం ముందు, ఎండలో కాకుండా నీడలో నిలబెట్టాడు. పెద్ద కెమెరా పక్కన తానూ నిలబడి వాళ్ల కళ్లలోకి చూశాడు. నీడలో వెలుగు అంతటా ఒకేలా పడుతుంది, ముందు ఎక్కడ చూడాలో చెప్పదు. అందుకే వాళ్ల ముఖం మీది మసికీ చొక్కా గుండీకీ ఒకే విలువ. డియోర్ గౌను మడత మీద పెట్టిన శ్రద్ధనే ఆ మసి మీదా పెట్టాడు. ఫ్యాషన్ ఫొటోలు డబ్బు కోసం, ఇవి కళ కోసం అని నువ్వు గీసిన గీత నాకు ఒప్పుదల కాదు. ఒకే చేయి, ఒకే క్రమశిక్షణ.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఈ పని చెయ్యి. వ్యాసం తిరగరాసి, ఫొటో చూపించకుండా ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించు. డోవీమా చేతులు ఎటు ఉన్నాయో, గొలుసులు ఎక్కడ ఉన్నాయో అడుగు. వాళ్లు చెప్పలేకపోతే ఆ పేరాలు మళ్లీ రాసి నాకు పంపు.