తిరుపతిలోని ఒక్క సీస్మోమీటర్‌తో ములుగు భూకంపాన్ని కొలవగలమా?

మీరు రెండు సంగతులు అడిగారు. 2024 డిసెంబర్ 4 నాటి ములుగు భూకంపం లాంటిదాని మాగ్నిట్యూడ్‌ను తిరుపతి రికార్డు ఒక్కదానితో లెక్కగట్టవచ్చా? ఫాల్టు, అంటే నేల లోపల రాతి పగులు, ఎటు జరిగిందో చెప్పవచ్చా? మొదటిది జాగ్రత్తగా చేస్తే వస్తుందండీ. రెండోది కుదరదు.

ముందు దూరం. ముందు వచ్చే పీ, వెనక వచ్చే ఎస్ తరంగాల మధ్య సెకన్లను 8తో గుణించి కిలోమీటర్లు రాబట్టే పద్ధతి దగ్గరి భూకంపాలకే సరిపోతుంది. సుమారు 200 కిలోమీటర్లు దాటాక మొదట వచ్చేది భూమి పైపొర కింద ఉన్న మాంటిల్ అంచు వెంబడి పరుగెత్తే పీ తరంగం, పీఎన్. అది సన్నగా ఉంటుంది. దానికి పెద్దగా కనిపించే ఎల్‌జీని (పైపొరలో వచ్చే ఎస్ తరంగాల గుంపు) జతచేసి 8తో గుణిస్తే, ములుగుకు ఉన్న 540 కిలోమీటర్లు కాస్తా 640 అవుతుంది. పైపొరలోనే వచ్చే పీ తరంగం పీజీకి ఎల్‌జీనే జతచేయాలి.

తర్వాత పరికరం ప్రభావం తీసేసి, అడ్డ దిశ (నేలకు సమాంతర) రికార్డును ఉడ్-ఆండర్సన్ అనే పాత ప్రామాణిక పరికరం చూపేలా మార్చి, గరిష్ఠ కదలిక ఎ ను నానోమీటర్లలో చదవండి. మాగ్నిట్యూడ్ సూత్రం (లాగ్ అంటే 10 ఆధారపు లాగరిథమ్): లాగ్ ఎ + 1.11 లాగ్ ఆర్ + 0.00189 ఆర్ − 2.09. ఆర్ అంటే కిలోమీటర్లలో దూరం. ఎ 2,000, ఆర్ 540 అనుకుంటే 5.27 వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. మూడో పదం ఒక్కటే 1.02 కలుపుతోంది, అది కాలిఫోర్నియా నేలకు కట్టిన విలువ. మన ద్వీపకల్పపు పాత గట్టి రాతిలో తరంగాలు అంత త్వరగా నీరసించవు. ఆ గుణకం సగమే అనుకున్నా ఫలితం అర మాగ్నిట్యూడ్ తగ్గుతుంది. దూరపు స్టేషన్లు ఎక్కువ అంకె చూపడానికి కారణం చాలాసార్లు ఇదే.

పరికరాన్ని స్వర్ణముఖి ఒండ్రు మట్టి మీద పెట్టకండి. మట్టి కదలికను రెట్టింపు చేస్తే 0.3 అదనంగా పడుతుంది. తిరుమల కొండ పాదాన బయటపడిన గ్రానైట్ నయం.

ఇక ఫాల్టు. పీ తరంగం మొదటి కుదుపు పైకా కిందికా అన్నది భూకంప కేంద్రం చుట్టూ కనీసం ఎనిమిది పది స్టేషన్లలో చూడాలి. తిరుపతి దక్షిణపు చూపు మాత్రమే ఇస్తుంది. ఒక స్టేషన్‌లో వైర్లు తిరగబడి ఉన్నా గుర్తు తలకిందులై చిత్రం మారిపోతుంది. ఈ పరిమాణానికి 0.02–0.05 హెర్ట్జ్ నెమ్మది తరంగరూపాలను, లోతు మార్చి మార్చి లెక్కగట్టిన రూపాలతో సరిపోల్చడం ఇంకా నమ్మదగినది. అయినా ఫాల్టు కాగల రెండు తలాలు సమానంగా సరిపోతాయి. ఏది అసలు ఫాల్టో తర్వాతి ప్రకంపనల వరుస, గోదావరి లోయ వాయవ్య–ఆగ్నేయ దిశ లాంటి నేల ఆధారాలే తేల్చాలి.