పిల్లి ఉన్న ఇంటికి మెష్ వేయించేముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఐదో అంతస్తు, మూడు స్లైడింగ్ కిటికీలు, బాల్కనీకో పెద్ద స్లైడింగ్ తలుపు, అన్నిటికీ బిల్డర్ పెట్టించిన దోమతెర. దోమలకైతే బాగానే ఉంది. నాలుగు కిలోల మీ మిర్చి గాడిని ఆపడానికి మాత్రం అది చాలదు. నువ్వేమో "బాబాయ్, కొంచెం మందం మెష్ వేయిస్తే సరిపోతుందా" అని అడిగావు. సరిపోదు, ముందు అంచులు చూడాలి. ఇన్నేళ్ళు అల్యూమినియం పని చేసినవాడిగా, ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు పిల్లులున్నవాడిగా చెప్తున్నాను, తెర మధ్యలో చిరిగి బయటపడే పిల్లులు తక్కువ. ఎక్కువగా మూలలో తోసుకునో, షట్టర్‌ని, అంటే ట్రాక్‌లో జరిగే పలకని, పక్కకి జరుపుకునో పోతాయి.

ఒక పని చెయ్యి. ప్రతి మెష్ షట్టర్ దగ్గరా నిలబడి నాలుగు మూలల్లోనూ అరచేత్తో గట్టిగా నొక్కు, పిల్లి ఒక్కసారిగా మీద పడినంత బలంగా. మెష్‌ని ఫ్రేమ్‌లో పట్టి ఉంచేది గాడిలో కూర్చోబెట్టిన సన్నటి రబ్బరు తాడు, మావాళ్ళు బీడింగ్ రబ్బరు అంటారు. పడమటి ఎండ తగిలే కిటికీల్లో అది గట్టిపడి కుంచించుకుపోతుంది, అప్పుడు మూల దగ్గర గోరు పట్టేంత సందు వస్తుంది. నువ్వు నొక్కగానే రబ్బరు పైకి లేచిందా, ఆ కిటికీ ఇవాళ్టి నుంచి మూసెయ్, రబ్బరు మార్చేదాకా తెరవకు. మార్చడం పెద్ద ఖర్చు కాదు.

తర్వాత షట్టర్ జరగడం. మెష్ షట్టర్ తేలిక, కింద రోలర్లుంటాయి, వాడు పంజా అంచుకి తగిలించి లాగితే వచ్చేస్తుంది. నేర్చుకోవడానికి వాడికి ఒక్క మధ్యాహ్నం చాలు. గాజు షట్టర్‌కి లాక్ పెడతారు కానీ మెష్ షట్టర్‌కి చాలామంది ఫిట్టర్లు పెట్టరు, అడిగి పెట్టించుకో. అంతదాకా ట్రాక్‌లో ఖాళీగా ఉన్న పొడవు కొలిచి, ఆ సైజుకి పైపు ముక్కో కర్ర ముక్కో కోసి పడెయ్, జరగదు. షట్టర్‌ని రెండు చేతులతో పైకెత్తి కూడా చూడు. ట్రాక్‌లోంచి ఊడి వచ్చేస్తుంటే పైన సందు ఎక్కువుందన్నమాట, పై ట్రాక్‌లో చిన్న స్క్రూ అడ్డం పెట్టిస్తే ఆగిపోతుంది.

ఇంకోటి, ఇది ఎవరూ గమనించరు. గాజుని సగం తెరిచి వదిలేస్తావు చూడు, అప్పుడు గాజు షట్టర్‌కీ మెష్ షట్టర్‌కీ మధ్య నిలువునా ఒక సందు ఉంటుంది. అందులోంచి దోమా వస్తుంది, పిల్లి పిల్లా పోతుంది. తెరిస్తే గాజుని పూర్తిగా ఒక పక్కకి నెట్టు, లేదంటే మూసెయ్.

మెష్ రకానికి వద్దాం. ఇప్పుడున్నది ఫైబర్ గ్లాస్ దారం, పైన ప్లాస్టిక్ పూత. గోరు చిక్కి పోగులు తెగాయంటే ఆ చిరుగు సులువుగా పెద్దదవుతుంది. మీ ఇంట్లో అసలు టెన్షన్ రాత్రి మొదలవుతుంది. హాల్లో లైటు వెయ్యగానే పురుగులొస్తాయి, పురుగుల కోసం తెర అవతల బల్లి వచ్చి అతుక్కుంటుంది, ఇవతల మీవాడు సోఫా మీద పొట్ట ఆనించి, తోక కొస మాత్రం ఆడిస్తూ, పళ్ళు టకటకలాడిస్తూ చూస్తుంటాడు. ఆ తర్వాత దూకేది పూర్తి బరువుతో. పగలైతే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద పావురం, అదే కథ. కాబట్టి ఎస్‌ఎస్ 304 జాలీ, అంటే ఆ రకం స్టెయిన్‌లెస్ స్టీలు మెష్, వేయించు, గట్టి అల్యూమినియం సెక్షన్‌లో, అంటే ఫ్రేమ్ పట్టీలో, బిగించి. విశాఖలో మీ అక్కకైతే 316 రకం స్టీలు అని చెప్పాను, సముద్రపు గాలికి అదే మన్నుతుంది. స్టీలు వద్దనుకుంటే పెట్ మెష్ అని మందపాటి పాలిస్టర్ దొరుకుతుంది, అదీ పర్వాలేదు, కానీ దాని మందానికి సరిపడే సైజు రబ్బరు వెయ్యాలి, పాత రబ్బరే కుక్కితే పట్టదు. వెల్క్రో తెరల జోలికి పోకు. మధ్యలో అయస్కాంతాలు పెట్టిన కర్టెన్ తెరలు అసలే వద్దు, మనిషి ఎలా తోసుకుని వెళ్తాడో చూసి వాడూ అలాగే వెళ్తాడు. మడతలు పడే ప్లీటెడ్ తలుపు అందంగా ఉంటుంది, అంతే.

బాల్కనీకి పావురాల వల ఉందిగా అన్నావు. ఆ నైలాన్‌ని పిల్లి కొరకగలదు, ఎండకి అది ఏటికేడాది బలహీనపడుతుంది. పైగా వల కట్టేవాళ్ళు పైనా పక్కలా బాగానే కొక్కేలు కొడతారు, కింద పిట్టగోడ అంచున మాత్రం దూరదూరంగా వదిలేస్తారు. వంగి ఆ అంచంతా చేత్తో తడిమి చూడు. సన్నటి స్టీలు తీగలు వరసగా బిగించే ఇన్విజిబుల్ గ్రిల్ పెట్టించుకోమని ఎవరైనా అంటే తీగల మధ్య దూరం ముందు అడుగు. పిల్లికి మెడ కింది ఎముక మనకిలా భుజానికి గట్టిగా అతికి ఉండదు, తల దూరితే ఒళ్ళు దూరినట్టే. పెద్ద పిల్లిని ఆపిన గ్రిల్‌లోంచి మూడు నెలల పిల్ల హాయిగా జారిపోతుంది.

"పిల్లి ఎంత ఎత్తునుంచి పడ్డా కాళ్ళ మీదే పడుతుంది, ఏం కాదు" అని మీ అత్తగారు అన్నారని రాశావు. ఆవిడతో వాదన పెట్టుకోకు, నీకు తెలిసి ఉంటే చాలు. 1987లో న్యూయార్క్‌లో ఇద్దరు పశువైద్యులు, పెద్ద భవనాల మీంచి పడి ఆస్పత్రికొచ్చిన 132 పిల్లుల వివరాలు అచ్చువేశారు. వైద్యం చేసినవాటిలో నూటికి తొంభై బతికాయి. దీన్ని పట్టుకునే అందరూ ధీమాగా మాట్లాడతారు. కిందపడి అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని ఎవరు తీసుకెళ్తారు ఆస్పత్రికి? అవి ఆ లెక్కలో లేవు. బతికినవాటిలో కూడా చాలావాటికి ఊపిరితిత్తులు దెబ్బతిని, దవడలు చీలి, కాళ్ళు విరిగి ఉన్నాయి.

చిన్న కంతలు కూడా మర్చిపోకు. బాత్రూం వెంటిలేటర్‌లో ఊడిన గాజు పలక, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన రంధ్రం, వాష్ ఏరియా గ్రిల్.

ఇక వీధి తలుపు. ఇక్కడ మెష్ కన్నా మనుషులతోనే పని. పాలవాడు, వాటర్ క్యాన్, కొరియర్, బయట చెప్పులు విప్పుకుంటూ తలుపు బార్లా తెరిచి కబుర్లు చెప్పే చుట్టాలు. బయట గ్రిల్ తలుపుకి కిందనుంచి పైదాకా జాలీ కొట్టించు, రెండు తలుపుల్లో ఎప్పుడూ ఒకటే తెరిచి ఉండాలని ఇంట్లో అందరికీ రూల్ పెట్టు. వంటావిడకి నువ్వే చెప్పు, మర్యాదగా, అవసరమైతే నాలుగుసార్లు. నువ్వు ఆఫీసునుంచి రాగానే గుమ్మంలోనే వాడిని ఎత్తుకుని ముద్దు చేస్తావు కదా, అది మానెయ్. లోపలికొచ్చి, తలుపేసి, వంటింటి దాకా వెళ్ళి అక్కడ పలకరించు, అక్కడే ఏదైనా తినడానికి పెట్టు. గుమ్మం దగ్గర మంచిదేదీ దొరకదని వాడికి అర్థం కావాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా చేయించలేదంటే ముందు అది చేయించు, ఆరో నెల రాకముందే డాక్టర్‌ని అడుగు. ఎదకొచ్చిన పిల్లిని, దాని వాసన తగిలిన మగపిల్లిని ఏ జాలీ దగ్గరా నమ్మలేం. దీపావళి రాత్రి టపాసులు ఆగేదాకా లోపలి గదిలో పెట్టి తలుపెయ్.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకప్పుడు జారుకోవచ్చు. అప్పుడు నలుగురు కలిసి "మిర్చీ మిర్చీ" అని అరుస్తూ వీధిలో పడకండి. ఇంట్లో పెరిగిన పిల్లి భయంతో దూరం పోదు, దగ్గర్లోనే దాక్కుని కిక్కురుమనకుండా కూర్చుంటుంది. మెట్ల కింద, మీటర్ బోర్డుల గదిలో, సెల్లార్లో కార్ల కింద, వాటర్ ట్యాంకు వెనకాల వెతుకు, పై అంతస్తులు కూడా. రాత్రి సద్దుమణిగాక ఒక్కదానివే టార్చ్ పట్టుకుని వెళ్ళు, వెలుగు పడితే కళ్ళు మెరుస్తాయి. కనబడగానే మీద పడకు, కింద కూర్చుని తిండి డబ్బా ఆడించు. చర్మం కింద పెట్టే నంబరు చిప్, అదే మైక్రోచిప్, వేయించి ఉంటే ఎవరికైనా దొరికినా నీదని చెప్పుకోవచ్చు.

అన్ని కిటికీలకీ జాలీని స్క్రూలతో శాశ్వతంగా బిగించెయ్యమని మాత్రం ఫిట్టర్‌కి చెప్పకు. ఏ పొగో మంటో వస్తే మనుషులు బయటపడటానికి ఒకటైనా లోపలినుంచి తెరుచుకోవాలి, దానికి పిల్లికి అందని ఎత్తులో టవర్ బోల్టు, అంటే గడియ, పెట్టిస్తే సరి.

కొలతలు నువ్వే తియ్యి. వెడల్పు పైనా మధ్యలో కిందా మూడు చోట్ల, ఎత్తూ అలాగే, మిల్లీమీటర్లలో, మూడింట్లో చిన్నదే రాయి. గోడ కాదు, ట్రాక్ లోపలి కొలత. ఆదివారంలోగా వాట్సాప్‌లో పెట్టు, సెక్షన్ ఏది తీసుకోవాలో చెప్తాను, అడ్వాన్స్ అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు.

బాబాయ్