నాంపెన్‌లో శాకాహారం: చేప వాసన, రియెల్ చిల్లర

కంబోడియా రాజధాని నాంపెన్‌కు కొత్తగా వచ్చి, మాంసం వద్దన్నా కూరలో చేప వాసన వస్తోందని, బజారులో చిల్లర లెక్క తెలియడం లేదని రాశారు కదండీ. కొత్తలో అందరికీ ఇదే టెన్షన్.

ఆ వాసన మాంసంది కాదు. ఇక్కడ ఉప్పుతోపాటు చేప సాస్ (తుక్ త్రై) పడుతుంది, కొన్నింటిలో ప్రహోక్ అనే ఊరబెట్టిన చేప ముద్ద కూడా. అందుకే మాంసం వద్దంటే సరిపోదు, "కుం డాక్ తుక్ త్రై, కుం డాక్ ప్రహోక్" (అవి వెయ్యొద్దు) అని విడిగా చెప్పండి. నవ్వుతూ చెబితే చాలామంది వింటారు.

ఇంట్లో వండుకుంటే ఇంకా హాయి. పొద్దున్నే ఓరుస్సేయ్ మార్కెట్‌కు వెళ్లండి. త్రకూన్ అని అమ్మేది మన తూటికూరే! కాడలు పుటుక్కున విరిగితే లేతది. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేయిస్తే అన్నంలోకి అమృతం. నిమ్మగడ్డి, పసుపుకొమ్ము, వెల్లుల్లి కలిపి నూరిన క్రోయుంగ్ ముద్ద కూడా దొరుకుతుంది, కానీ అందులో ప్రహోక్ కలిపారేమో అడిగి తీసుకోండి.

ఇక చిల్లర సంగతి. ఇక్కడ అమెరికా డాలర్లు, కంబోడియా రియెల్స్ రెండూ నడుస్తాయి. డాలరంటే సుమారు 4,000 రియెల్స్, అంటే 1,000 రియెల్స్ పావు డాలరు. చిరిగిన డాలర్ నోటు మాత్రం పుచ్చుకోకండి, తర్వాత ఎవరూ తీసుకోరు.