సీటు పట్టుకున్న చెయ్యి తీసెయ్, సుధా

చి. సౌ. సుధకు,

అత్త ఆశీస్సులు. పాపకు సైకిలు కొన్నాం కానీ పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది అన్నావు. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పక్క చక్రాలు ఊడదీయించు. సైకిలు ఎటు ఒరుగుతుంటే హ్యాండిల్ అటే తిప్పాలి, అప్పుడే నిలబడుతుంది. పక్క చక్రాలుంటే అసలు ఒరగనే ఒరగదు, ఇంక ఆ సంగతి ఒంటికి ఎలా తెలుస్తుంది? రెండు పెడల్సూ విప్పించి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించు. కాళ్లతో నెట్టుకుంటూ తిరగనీ. కొన్నాళ్లకు తనే కాళ్లు పైకెత్తి జారుతూ పోతుంది. అప్పుడు పెడల్స్ బిగించు.

నేను నేర్చుకున్నది 1974లో, పదకొండేళ్లప్పుడు, మీ తాతయ్య 24 అంగుళాల సైకిలు మీద. సీటెక్కితే కాళ్లు అందవు కాబట్టి బారు కింద నుంచి కుడికాలు దూర్చి అడ్డతొక్కుడు. పరికిణీ చైనులో పడకుండా ఎగదోపుకునేదాన్ని. తాతయ్య భోంచేసి కునుకు తీసే అరగంటే నాది. మన ఉండి ఊరి దగ్గర కాలవ వంతెన దిగుతుంటే తొక్కడం ఆపేసేదాన్ని. ఫ్రీవీలు ముందు టిక్కు టిక్కుమని, వేగం పెరిగేకొద్దీ ఆ టిక్కులన్నీ కలిసి ఒకటే జుయ్యిమనే మోత. ఆ మోత కోసమే మళ్లీ సైకిలు నడిపించుకుంటూ వంతెన ఎక్కేదాన్ని.

ఒకరోజు అదే వాలులో గేదెలు అడ్డొచ్చాయి. బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఉన్నాయి. సైకిలుతో సహా బోదెలో పడ్డాను. మోకాలి మీద మచ్చ నువ్వు చూసిందే. నాకు వేగంగా పోవడం వచ్చింది, ఆగడం ఎవరూ నేర్పలేదు.

అందుకే పాపకు తొక్కడం కంటే ముందు బ్రేకు నేర్పు. మన సైకిళ్లలో ఎక్కువగా కుడిచేతిది ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. ముందుది ఒక్కటే గట్టిగా నొక్కితే వాలులో బోర్లాపడే ప్రమాదం ఉంది, వెనకది ఒక్కటే నొక్కితే త్వరగా ఆగదు. రెండూ కలిపి, మెల్లిగా బిగిస్తూ పట్టాలి. నేల మీద సుద్దతో గీత గీసి, గీత దగ్గరకు రాగానే బ్రేకు పట్టమను. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి జోరుగా రమ్మను. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం దాదాపు నాలుగింతలు. నువ్వు చెప్తే వినదు, తను ఆగిన చోట రెండో గీత గీసి చూపించు. హెల్మెట్ మాత్రం మొదటి రోజు నుంచే.

నార్సింగిలో ఉంటున్నారుగా, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. ఆదివారం పొద్దున్నే అక్కడికి తీసుకెళ్లు. వెనకాలే పరిగెత్తకు. తనకు వచ్చేసిందని నీకు నమ్మకం కుదిరాక నిన్ను దాటి ముందుకు పోనీ, కాసేపు కంటికి కనపడకపోయినా పర్లేదు. ఆ కాసేపటి కోసమే పిల్లలు సైకిలు అడుగుతారు. నర్సు ఉద్యోగంలో చేరాక, రాత్రి పదింటికి కాన్పు అని కబురొస్తే ఎవరి తోడూ అడక్కుండా లూనా తీసుకుని పోయానంటే, ఆ ధైర్యం నాకు వంతెన మీదే వచ్చింది.

ఇంకో మాట. నాలుగేళ్లు పోయాక స్కూటీ తాళాలు అడుగుతుంది. ముద్దుకి కూడా ఇవ్వకు. పదహారేళ్లకు కూడా గేర్లు లేని చిన్న బండికే లైసెన్సు. 2019లో చట్టం మార్చాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అప్పుడు ఇంకాస్త పెద్ద సైకిలు, గేర్లున్నది కొనిపెట్టు. వేగం మీద ఇష్టం తప్పు కాదని మాత్రం తనతో చెప్పు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సైకిలు కారు మీద కట్టుకుని రండి. వంతెన రోడ్డు ఇప్పుడు తారు వేశారు, పొద్దున ఆరింటికి చేపల లారీలు కూడా తక్కువ. బ్రేకు రబ్బర్లు నేనే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త