బీరువాలో మెషీన్, క్యోటోలో పోతపనివాడు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల స్కూల్ ల్యాబ్‌లో రెండు పళ్లేలు ఎదురెదురుగా తిరిగి నిప్పురవ్వ పుట్టించే మెషీన్ ఉందట, కానీ పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు. జపాన్ స్కూళ్లకి మొదట్లో ఇలాంటి సామాను ఎక్కడినుంచి వచ్చిందండీ? – ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అది విమ్‌షర్స్ట్ మెషీనండీ, దాని దగ్గరికే వస్తాను, కాస్త ఆగండి. 1872లో జపాన్ ప్రభుత్వం ఊరూరా బడులు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది, సైన్సూ చెప్పమంది. మరి సామాను? విదేశాల నుంచి ఓడలో రావాలి, అంత డబ్బు ఏ బడి దగ్గరుంటుంది? క్యోటోలో షిమాజు గెంజో అని, బౌద్ధుల పూజాసామాను చేసే ఇంటివాడు, 1875లో బడులకి సైన్సు పరికరాలు చేయడం మొదలుపెట్టాడు. మన పెంబర్తి ఇత్తడి పనివాళ్లు ఉన్నట్టుండి ఫిజిక్స్ ల్యాబ్‌కి సామాను చేసిపెట్టారనుకోండి, అలాగన్నమాట. 1877లో హైడ్రోజన్ బెలూన్ కట్టి మనిషిని గాల్లోకి లేపాడు, 1882 కల్లా ఆయన కేటలాగ్‌లో 110 రకాలు చేరాయి.

నాకు మాత్రం కొడుకు కథే ఎక్కువ ఇష్టం. బడికి వెళ్లింది రెండేళ్లే, అయినా 1884లో పదిహేనేళ్ల వయసులో విదేశీ పుస్తకంలో బొమ్మ చూసి మీ అమ్మాయి చెప్పిన ఆ మెషీన్‌నే సొంతంగా చేసేశాడు! తండ్రి పోయాక ఆయన పేరే తనూ పెట్టుకున్నాడు, 1896లో, అంటే రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన మరుసటి ఏడాదే, క్యోటోలో ఎక్స్‌రే ఫొటో తీశాడు, ఆ మరుసటి ఏడు బడుల కోసం ఎక్స్‌రే పరికరం కూడా అమ్మకానికి పెట్టాడు (ఇప్పుడైతే ఏ స్కూలూ ఒప్పుకోదు లెండి). 2002లో నోబెల్ అందుకున్న తనాకా కోయిచి పనిచేసింది ఆ షిమాజు కంపెనీలోనే.

ఇక డబ్బు సంగతి: రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1953లో జపాన్‌లో ఏకంగా చట్టమే చేసి, బడుల సైన్సు సామానుకి ప్రభుత్వం సాయం చేయడం మొదలుపెట్టింది.

మీ బీరువా విషయానికొస్తే, తిప్పితే పాడయ్యేంత సున్నితమైనదేం కాదది, దాని అసలు శత్రువు తేమ. బెంగళూరు వానల్లో ఎంత తిప్పినా రవ్వ రాదు, పాడైందనుకుని లోపల పెట్టేసి ఉంటారు. జనవరి, ఫిబ్రవరిలో పళ్లేలు పొడిగుడ్డతో తుడిచి తిప్పమనండి, టపటపమంటుంది. పక్కనుండే సీసాల్లో కరెంటు నిలవుంటుంది కాబట్టి ఆపాక రవ్వ దూకే రెండు గుండ్లనీ వాటి పిడులు పట్టుకుని ఒకదానికొకటి తాకించాకే చెయ్యి పెట్టాలి, అది కూడా టీచరు పక్కనుండగానే.