మృదంగం బాగుచేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. పాత మృదంగం కొన్నావని, దాన్ని నీ చేతులతోనే బాగుచేస్తానని రాశావు. సంతోషం. ఫొటోలు చూశాను. తోళ్లు పనికిరావు, అందులో సందేహం లేదు. కట్టె మాత్రం పనస. రంగు, చారలు చూస్తేనే తెలిసిపోతోంది. కొత్త తోళ్లకూ ఇనుప సామానుకూ డబ్బు పెట్టే ముందు ఆ కట్టె సంగతి తేల్చుకో. తోలు అరిగిపోయేదే, మార్చుకుంటూనే ఉంటాం. నాలుగు కాలాలు నిలవాల్సింది కట్టె.

రెండు వైపులా ఉండే మూతలను, అంటే వాయించే తోలు ముఖాలను, లాగిపట్టే వార్లను కత్తితో కోసేయకు, ఓపిగ్గా విప్పు. ఊడిన పాత మూతలు పారేయకు, కొత్తవి కట్టేవారికి అవే కొలత. ఆ తర్వాత లోపలికి టార్చి వేసి చూడు. సన్నటి పిండి రాలుతుంటే పురుగు పట్టినట్టే. వేలి కణుపుతో తట్టుకుంటూ చుట్టూ రా. ఒకచోట పగిలిన కుండలా పలికితే అక్కడ బీట ఉందన్నమాట. చిన్న బీటైతే పనస రంపపు పొట్టును వడ్రంగి జిగురుతో కలిపి కూరి, తాడుతో బిగించి పూర్తిగా ఆరనివ్వు. అంచు నుంచి నడుము దాకా పాకిన బీటైతే దాని మీద ఖర్చు పెట్టకు, హాల్లో అలంకారంగా పెట్టుకో.

అంచులు చూసే పద్ధతి చెబుతాను. చదునైన గాజుపలక మీద సుద్దపొడి పలచగా చల్లి, మృదంగాన్ని నిలబెట్టి కొంచెం తిప్పు. సుద్ద అంటని చోటు పల్లం. అంటినచోటే కాస్త కాస్త గీకుతూ పల్లానికి సమం చెయ్యి. ఇక్కడ తొందరపడితే ఎంత మంచి తోలు వేసినా శ్రుతి ఒక వైపు కలిసి ఇంకో వైపు తప్పుతుంది. లోపలి గోడను నునుపు చేయాలన్న సరదా మాత్రం వద్దు. మందం తగ్గితే నాదం మారిపోతుంది.

వార్లకు బదులు నట్లు, బోల్టులతో బిగించే మృదంగం అంటే మా తరంలో చాలామంది ముఖం చిట్లిస్తారు. నాకు ఆ పట్టింపు లేదు. వార్లు లాగి బిగించడానికి చేతిలో సత్తువా అలవాటూ రెండూ కావాలి, అపార్టుమెంటులో ఉండే నీకు స్పానరే సుఖం. అయితే మూతలను నొక్కిపట్టే ఇనుప రింగులు అమ్మకానికి దొరికేవి కొనకు. పాత మృదంగం నోరు అచ్చమైన గుండ్రం కాదు, పైగా ఎడమ నోరు కుడిదానికంటే పెద్దది. మూత తోలు మందం కూడా కలుపుకుని కొలతలిచ్చి, లేత్ వర్క్‌షాపులో చేయించుకో. ఇనుము కట్టెకు తగిలేచోట తోలు ముక్క పెట్టు, లేకపోతే ప్రతి దెబ్బకూ గరగరమంటుంది. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు కొద్దికొద్దిగా తిప్పు. ఒకవైపే బిగించుకుంటూ పోతే మూత పక్కకు లాగేస్తుంది.

తోళ్ల విషయానికొస్తే, చెప్పులకూ సంచులకూ వాడే రసాయనాల తోలు పనికిరాదు, పచ్చితోలే కావాలి. కుడి మూతలో శ్రుతి పలికేది మేకతోలు, దానిపైన అంచు చుట్టూ ఆవుతోలు వలయం. ఆ మూత నువ్వు కట్టకు. మధ్యలో ఉండే నల్లటి కరణి చూశావుగా? కిట్టపు రాయి అనే ఇనుప ధాతువున్న నల్లరాయి పొడిని అన్నం ముద్దతో నూరి, పలచగా ఒక పూత పూసి, నున్నటి రాయితో ఆరేదాకా రుద్దుతారు. దానిపైన ఇంకో పూత, మళ్లీ రుద్దడం. అలా రుద్దగా రుద్దగా కరణి అంతటా సన్నటి నెరియలు వస్తాయి. అవి లోపం కాదు, అవి ఉంటేనే తోలు స్వేచ్ఛగా కంపిస్తుంది. సి.వి. రామన్ 1920లోనే ఈ వాద్యాల మీద పరిశోధన ప్రచురించారు. మామూలు డోలులో చిందరవందరగా ఉండే ఉపస్వరాలు ఇక్కడ మూలస్వరంతో పొసగేది ఈ కరణి బరువు వల్లనే. అది చేతికి రావాలంటే పనివాడి పక్కన కూర్చుని చాలాకాలం చూడాలి. వీడియోలు చాలవు.

ఎడమ మూతకు శాశ్వతమైన కరణి ఉండదు, వాయించే ముందు రవ్వ తడిపి పెట్టుకోవడమే. కాబట్టి నేర్చుకోవడం దానితో మొదలుపెట్టు. వాయించడం అయ్యాక ఆ రవ్వ గీకేసి తుడవడం మరిచిపోకు, ఎండితే తోలు పాడవుతుంది.

కుడి మూత కట్టేవారి దగ్గర బేరమాడకు. కచేరీలో వాయించినవారి పేరు మైకులో చెబుతారు, తోలు నానబెట్టి కట్టినవారి పేరు ఎవరూ ఎత్తరు. కనీసం కూలి అయినా నిండుగా ఇవ్వాలి. ఏ శ్రుతికి కావాలో ముందే చెప్పు. నీది 22 అంగుళాలదైతే హెచ్చు శ్రుతికి బాగుంటుంది, 24 అయితే తగ్గు శ్రుతికి. పొట్టిదాన్ని తగ్గు శ్రుతికి దించాలని చూస్తే నాదం చచ్చిపోతుంది.

రింగులు చేయించే ముందు రెండు నోళ్ల కొలతలూ నాకు పంపు. అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య