ఇంట్లో మార్చిన బ్రేకు ప్యాడ్లు, రోడ్డు మీద పట్టని బ్రేకు: కేసు ఎవరిది, ఖర్చు ఎవరిది?

సందేహం: మాది నెల్లూరు వేదాయపాళెం. కారు కొని ఎనిమిదేళ్లయింది. ఆదివారం ముందు చక్రాలు రెండింటికీ బ్రేకు ప్యాడ్లు వీడియో చూసి నేనే మార్చాను. పిస్టను లోపలికి పోకపోతే రెండు వైపులా బ్లీడింగ్ నిప్పిల్ (బ్రేక్ ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) వదులు చేసి నొక్కాను. మళ్లీ బిగించి, ఎప్పుడో తెరిచిన డబ్బాలో మిగిలిన బ్రేక్ ఆయిల్ పోశాను. సోమవారం పొద్దున మా బావమరిది కారు తీసుకెళ్లాడు. మినీ బైపాస్‌లో పెడల్ నేలకంటిపోయి ముందున్న బైకును గుద్దాడు. బైకు ఆయనకు మోకాలి కింద ఎముక విరిగింది. పోలీసులు బావమరిది మీద కేసు పెట్టారు. ఇన్సూరెన్సు వాళ్లేమో ఇంట్లో రిపేరు చేసుకుంటే క్లెయిము రాదని ఫోన్లో చెప్పారు. వాడు ఉద్యోగాల వేటలో ఉన్నాడు, కారు నేనే నడిపానని చెప్పవచ్చా? ఆస్పత్రి ఖర్చంతా నేనే పెట్టుకోవాలా?

సలహా: నడిపింది నేనేనని చెప్పే ఆలోచన ముందు మానేయండి. అసలు నేరస్థుణ్ణి తప్పించడానికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 238 కింద వేరే నేరం. సీసీ కెమెరా ఒక్కటి చాలు, మాట తేలిపోతుంది. అప్పుడు బావమరిది కేసు ఎలాగూ ఉంటుంది, పైన మీ మీద ఇంకొకటి. డ్రైవరు పేరు అబద్ధం చెప్పారని తేలితే క్లెయిము కొట్టేయడానికి ఇన్సూరెన్సు కంపెనీకి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

బావమరిది మీద పెట్టింది అదే న్యాయ సంహితలోని 281, 125(బి) సెక్షన్లు అయివుండాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని చూసుకోండి. 281 అంటే రోడ్డు మీద నిర్లక్ష్యంగా నడపడం. ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయం కాబట్టి 125(బి) వస్తుంది: మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. రెండింటికీ బెయిలు హక్కుగా దొరుకుతుంది. గాయపడినాయన ఒప్పుకుంటే 125(బి)లో రాజీ కుదురుతుంది, 281 మాత్రం రాజీ పడే సెక్షన్ కాదు. తొలి వాయిదాలోనే తప్పు ఒప్పుకుని ఫైను కట్టేస్తే పోతుందని ఎవరైనా చెబుతారు. అది శిక్ష పడినట్టే లెక్క. ఉద్యోగాల వేటలో ఉన్నవాడు ఆ తొందర పడకూడదు.

అసలు చిక్కు వేరే ఉంది. బ్రేకు ఫెయిలైందన్న మాట బావమరిదికి డిఫెన్సు, మీకు మాత్రం ఎదురు తిరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 190(1) చూడండి. లోపం ఉందని తెలిసిన బండిని, మామూలు జాగ్రత్తతో చూస్తే లోపం తెలిసిపోయే బండిని నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడు కూడా అందులోకి వస్తాడు. దానివల్ల మనిషికి గాయమైతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ఇలాంటి కేసుల్లో పోలీసులు సాధారణంగా డ్రైవరు దగ్గరే ఆగిపోతారు. అయితే డ్రైవరే ‘బావ నిన్ననే బ్రేకులు విప్పాడు’ అని వాంగ్మూలం ఇస్తే మీ పేరు చేర్చడానికి అడ్డేమీ లేదు. అందుకే ఇద్దరూ ఒకే వకీలును పెట్టుకోకండి. ఇంట్లో మాట వస్తుందని తెలుసు, అయినా తప్పదు.

ఇక ప్రమాదం తర్వాత బండిని తనిఖీ చేసే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు. కేసు సగం దాని మీదే నడుస్తుంది. నిప్పిల్ వదులుగా ఉండగా పిస్టను నొక్కితే పాత ఆయిల్ బయటికి పోతుంది. బిగించేలోపు పిస్టను కాస్త వెనక్కి జరిగినా గాలి లోపలికి లాక్కుంటుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. పెడల్ మీద కాలు వేస్తే ఆ బలం ప్యాడ్ దాకా చేరదు. పైన రిజర్వాయరులో ఆయిల్ పోసినంత మాత్రాన కింద కాలిపర్‌లో (పిస్టను, ప్యాడ్లు ఉండే భాగం) చేరిన గాలి పోదు, ఎయిర్ తీయాల్సిందే. పాత డబ్బా ఆయిల్ సంగతి సరేసరి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, ఆ తేమతో వేడికి త్వరగా మరుగుతుంది.

ఇప్పటి కార్లలో బ్రేకు లైను రెండు భాగాలుగా ఉంటుంది, ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత పట్టాలి. చాలా చిన్న కార్లలో ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం ఒక భాగం. మీరు ముందు రెండు నిప్పిళ్లూ తెరిచారు కాబట్టి అలాంటి కారైతే రెండు భాగాల్లోనూ గాలి చేరినట్టే. ఇన్‌స్పెక్టరు చూసేది ఇవే: రిజర్వాయరులో మట్టం, నిప్పిల్ చుట్టూ తడి, పెడల్ ఎంత దూరం దిగుతోంది, కాలిపర్ బోల్టుల బిగింపు. బావమరిదిని అవతలి వకీలు అడిగే ప్రశ్నలూ ఇక్కడినుంచే పుడతాయి. బయల్దేరేటప్పుడు పెడల్ మెత్తగా అనిపించలేదా? డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్రేకు లైటు వెలగలేదా? వెనక చక్రాలకు కేబుల్ మీద పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఎందుకు లాగలేదు? వీటికి సరైన జవాబు ఉంటే అతని డిఫెన్సు నిలుస్తుంది, లేకపోతే 190(1) అతనికీ తగులుతుంది.

తనిఖీ అయ్యేదాకా ఒక్క నట్టు ముట్టుకోకండి, ఆయిల్ పోయకండి. పాత ప్యాడ్లు, ఆయిల్ డబ్బా, ప్యాడ్ల బిల్లు దాచిపెట్టండి. తనిఖీ అయ్యాక బండి కోసం ఆర్.సి., ఇన్సూరెన్సు, లైసెన్సు కాపీలతో మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బిఎన్‌ఎస్‌ఎస్) 503 కింద పిటిషన్ వేసుకోవచ్చు.

బైకు ఆయన పరిహారం సంగతిలో మీరు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. థర్డ్ పార్టీకి, అంటే ఇక్కడ బైకు ఆయనకు, డబ్బు కట్టకుండా కంపెనీ తప్పుకోగల కారణాలను మోటారు వాహనాల చట్టం 150(2)లో ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది: లైసెన్సు లేని డ్రైవరు, తాగి నడపడం, పర్మిట్ లేకుండా బాడుగకు తిప్పడం, రేసులు, పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్యమైన విషయం దాచడం వంటివి. ఓనరు ఇంట్లో రిపేరు చేసుకోవడం ఆ జాబితాలో లేదు. పాలసీ అమల్లో ఉండి, బావమరిదికి కారు లైసెన్సు ఉంటే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వేసిన మొత్తం కంపెనీ కట్టాలి. తప్పు ఎవరిదో నిరూపించే పని లేకుండా బైకు ఆయన అదే చట్టం 164 కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు, లేదా 166 కింద పూర్తి నష్టం అడగవచ్చు. బ్రేకు హఠాత్తుగా ఫెయిలైందని ట్రిబ్యునల్‌లో వాదించి లాభం లేదు. ఎంత జాగ్రత్తగా చూసినా కనిపించని లోపమని ఓనరే నిరూపించాలని సుప్రీంకోర్టు 1977లోనే మీనూ మెహతా కేసులో చెప్పింది. ముందురోజు స్వయంగా నిప్పిల్ విప్పిన మీరు ఆ మాట అనలేరు.

ఆస్పత్రి ఖర్చుకు సాయం చేయాలనిపిస్తే చేయండి, రసీదు తీసుకోండి. కానీ ముందు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. వాళ్ల అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని, డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదని పాలసీ షరతుల్లో ఉంటుంది. తప్పు మాదే అని కాగితం రాసివ్వకండి. పోలీసులకు ప్రమాదం వివరాలతో డ్రైవరు ఫారం 3, ఓనరుగా మీరు ఫారం 4 ముప్పై రోజుల్లోపు ఇవ్వాలి.

మీ కారు డ్యామేజీ దగ్గర కంపెనీకి కొంత వాదన ఉంది. బండిని మంచి కండిషన్‌లో ఉంచాలని షరతు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు డబ్బు ఇవ్వమని మినహాయింపు ఉన్నాయి. అంటే బ్రేకు భాగాలకు రాదు. గుద్దడంతో పోయిన బానెట్, బంపరు బ్రేక్‌డౌన్ కాదు, యాక్సిడెంటు. షరతు తప్పారనే అనుకున్నా, అలాంటి సందర్భాల్లో నాన్ స్టాండర్డ్ (పూర్తిగా కొట్టేయకుండా కొంత కోసి ఇచ్చే) లెక్కన 75 శాతం దాకా ఇవ్వవచ్చని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఫోన్ మాటను లెక్కలోకి తీసుకోకండి, తిరస్కరణ కారణాలతో కాగితం మీద అడగండి. క్లెయిము ఫారంలో ప్యాడ్లు ఇంట్లో మార్చిన సంగతి ఉన్నది ఉన్నట్టు రాయండి.

అయితే ముందు లెక్క వేసుకోండి. ఎనిమిదేళ్ల బండికి లోహ భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు మీద 50 శాతం తరుగుదల తీస్తారు. 1500 సీసీ లోపు కారైతే ఇంకో వెయ్యి మీరే పెట్టుకోవాలి. 20,000 బానెట్‌కు 12,000, 8,000 బంపరుకు 4,000 వస్తాయి, లేబరు వేరు. ఈ క్లెయిము తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. వచ్చేది అంతకంటే తక్కువైతే వదిలేయడమే నయం.

పోరాడాలనుకుంటే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. లేదంటే రెండేళ్లలోపు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి.

ప్యాడ్లు అమ్మిన షాపు మీద కేసు గురించి ఆలోచిస్తుంటే, వద్దు. మీరు చెప్పినదాన్నిబట్టి లోపం సరుకులో లేదు, బిగింపులో ఉంది.